రెండో డబ్బా, మూడో డబ్బా

మా ఆయనకు అబద్ధమాడడం చేతకాదని ఇరవై రెండేళ్లుగా పదిమందికీ చాటుకున్నది నేనే. ఆయన కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తారు. ముఖానికి నప్పని ఫ్రేమును నప్పిందని చెప్పలేక బేరాలు పోగొట్టుకుంటారని చెప్పి నవ్వేదాన్ని. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నాది మొక్కల నర్సరీలో పని. పదిహేనేళ్లు తడి మట్టిలో, ఎరువు కలిపిన మట్టిలో చెప్పుల్లేకుండా తిరిగాను. చెప్పులేసుకుంటే బురదలో జారి పడతామని మా పనివాళ్లందరికీ భయం. కిందటేడు కాళ్లూ మొహమూ ఉబ్బడం మొదలైంది. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే నా కిడ్నీల మీద పడి తినేస్తోందని డాక్టరమ్మ తేల్చింది. దాన్ని అణచడానికి పెద్ద మోతాదులో స్టెరాయిడ్లు ఎక్కించాలి, ఆలస్యమైతే కిడ్నీలు దక్కవు. అంతా చెప్పాక, ఏం పని చేస్తావని అడిగి, నా పాదాలు తిప్పి చూసి, ఆగిపోయింది.

"మట్టిలోంచి పాదాల చర్మం గుండా ఒంట్లోకి దూరే పురుగు ఒకటుందమ్మా. పేగుల్లో ఏళ్ల తరబడి చడీచప్పుడు లేకుండా పడుంటుంది. నేనిచ్చే మందుతో నీ ఒంట్లో కాపలా తీసేస్తే అది వేలల్లో పెరిగి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ప్రాణం మీదికొస్తుంది," అంది. "మూడు రోజులు, మూడు డబ్బాలు. ఒకరోజు కనబడకపోయినా ఇంకోరోజు కనబడొచ్చు. ఒక్కటి కూడా మానకూడదు. ఉందని ముందే తెలిస్తే మాత్రలతో పోతుంది."

డబ్బాలో పట్టాల్సింది ఏమిటో విడమరచి చెప్పక్కర్లేదనుకుంటాను. వాచిన మోకాళ్లతో, గోడ పట్టుకుని, నీళ్ల చుక్క తగలకుండా పట్టడం ఎంత యాతనో పడినవాళ్లకే తెలుస్తుంది. మూత బిగించి, తుడిచి, రెండు కవర్లలో చుట్టి, పైన పేరూ తేదీ రాసేసరికి చెమటలు పట్టేవి. ఆసుపత్రి ల్యాబు మా ఆయన దుకాణానికి వెళ్లే దారిలోనే ఉంది. అందుకని ఇచ్చే పని ఆయన తీసుకున్నారు.

మొదటిరోజు సాయంత్రం ముభావంగా వచ్చి అన్నం తిని పడుకున్నారు. రెండోరోజు మాత్రం మహా హుషారు.

"ఆ ల్యాబు అమ్మాయి నీ అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయందోయ్. ఇంత శుభ్రంగా ఎవరూ తేరట," అన్నారు.

"ఛీ, ఆ డబ్బా మీద రాతను మెచ్చుకోవడమేమిటండీ," అన్నానే గాని లోపల ఉబ్బిపోయాను. అప్పటికే ఉబ్బి ఉన్నదాన్ని, ఇంకొంచెం ఉబ్బాను. మూడోరోజు పేరు కింద స్కేలు పెట్టి గీత కూడా కొట్టాను. ఆ సాయంత్రం ఆయన గీత సంగతి కూడా చెప్పారు. ఆ అమ్మాయి పక్కన కూర్చున్నామెకు చూపించి మరీ నవ్విందట.

డాక్టరమ్మ ఫైలు తిరగేస్తూ, "మూడూ ఇచ్చారా?" అని అడిగింది.

"ఇచ్చామండీ. ఏమీ లేదన్నారు," అన్నారు మా ఆయన, కళ్లార్పకుండా.

ఫైల్లో ఉన్నది ఒక్క చీటీ. ఆవిడ లెక్కపెట్టలేదు. ఆవిడ మీద కోపం వేరే ఉంది, దాన్ని తీరిగ్గా చూసుకుంటాను. మందు ఆ రోజే మొదలైంది.

పన్నెండో రోజుకి దగ్గు. పదమూడో రోజుకి కడుపులో మెలిపెట్టే నొప్పి, వాంతులు, పొట్ట మీద గోటితో గీరినట్టు ఎర్రటి చారలు. ఊపిరందక నన్ను ఆసుపత్రికి మోసుకెళ్లారు. నా కఫంలో పురుగులు కదులుతున్నాయని డాక్టరమ్మ చెప్పింది. నాకు నోట్లో గొట్టం ఉంది, మాట్లాడలేకపోయాను. మా ఆయన గోడకానుకుని ఏడుస్తున్నారు. పాపం, నా కోసం ఎంత బెంగపడుతున్నారో అనుకున్నాను.

గొట్టం తీశాక మా వదిన వచ్చి నా దగ్గర కూర్చుంది. మా ఆయన అక్కగారు. ఆవిడకూ నాకూ మొదట్నించీ ఉప్పూ నిప్పూ. ఆరేళ్లుగా మాటలు కూడా లేవు. ఆసుపత్రిలో పడ్డానని తెలిసి, పిలవకుండానే సంచీ పట్టుకుని వచ్చేసింది. అప్పుడూ పలకరింపేమీ లేదు, దుప్పటి సర్దింది.

ఆ మధ్యాహ్నం ల్యాబు అమ్మాయి మళ్లీ కఫం పట్టడానికి వచ్చింది. మనిషిని మొదటిసారి తేరిపార చూస్తున్నాను కదా, చనువుగా అన్నాను.

"నా అక్షరాలు బాగున్నాయన్నావట."

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. డబ్బాలు, గీత, అంతా చెప్పాను. ఆ అమ్మాయి నా వైపూ వదిన వైపూ చూసింది.

"మీది ఒక్క డబ్బానే వచ్చిందండీ. మిగతావి తెమ్మని మీవారికి రెండుసార్లు ఫోన్ చేశాను. తెస్తానన్నారు."

వదిన సాయంత్రం మా ఆయన బ్రెడ్డు ప్యాకెట్టుతో వచ్చేదాకా ఆగింది.

"ఏరా, ఆ రెండు డబ్బాలూ ఏం చేశావు?"

ఆయన కూర్చున్నారు. ప్యాకెట్టును ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చారు.

"మొదటిరోజు వరసలో నా వెనకే మా షాపుకొచ్చే పెద్దమనిషి నిలబడ్డాడక్కా. ఆ చేతిలోదేమిటండీ అని అడిగాడు. అందరూ చూశారు. తల కొట్టేసినట్టయింది. మర్నాడు బస్‌స్టాపు పక్కన చెత్తకుండీలో పడేశాను. మూడోది కూడా. మొదటిదాంట్లో ఏమీ లేదన్నారు కదా, మిగతావీ అంతేననుకున్నాను."

"మరి నాకు చెప్పిన కబుర్లో?" అన్నాను.

"నువ్వు సంతోషిస్తావని."

వాళ్లమ్మ మంచం పట్టిన పద్నాలుగు నెలలూ ఎత్తిపోసింది నేను. అప్పుడు గుమ్మం అవతల నిలబడి ముక్కు మూసుకున్న మనిషే ఈయన, నాకు తెలియనిదేం కాదు. డబ్బా పట్టుకోలేనని చెప్పి ఉంటే తిట్టి, ఆటో మాట్లాడుకుని నేనే పోయేదాన్ని. చెప్పలేదు. పైగా ల్యాబు అమ్మాయి నోట నా మీద పొగడ్తలు కల్పించి, అన్నం తింటూ నాకు వడ్డించారు. నేను వాటిని తిని మురిసిపోయాను. నన్ను మోసం చేసినందుకంటే, నన్ను అంత తేలిగ్గా మురిపించగలనని ఆయనకు తెలిసినందుకు ఎక్కువ మండింది.

తర్వాత నెలన్నర ఆ ఆసుపత్రిలోనే గడిచింది. పురుగు పోయేదాకా రోజూ మాత్రలు. అది పోయేదాకా స్టెరాయిడ్లు తగ్గించాల్సి వచ్చింది. ఆ సందులో కిడ్నీల జబ్బు తన పని తాను చేసుకుపోయింది. వారానికి రెండుసార్లు మిషను మీద రక్తం శుభ్రం చేస్తున్నారు. డబ్బాలు మాత్రం పద్ధతిగా ల్యాబుకి వెళ్లాయి. వదిన రోజూ తీసుకెళ్లి, చీటీ రాసేదాకా కౌంటరు దగ్గరే నిలబడి, ఆ చీటీ తెచ్చి నా దిండు కింద పెట్టేది. ఒకరోజు వరసలో ఎవరో ఏమిటది అనడిగితే, "మా మరదలి మలం, చూస్తావా?" అందట. ఇది ల్యాబు అమ్మాయి చెప్పింది. వదిన చెప్పలేదు.

వరసగా రెండు వారాలు ఏమీ కనబడలేదు. ఆ చీటీలన్నీ డాక్టరమ్మ ఈసారి వేలితో లెక్కపెట్టింది. కిడ్నీలు ఎంతవరకూ తిరిగొస్తాయో చెప్పలేనంది గాని, ఆ మందు మళ్లీ ఎక్కించి చూద్దామంది.

ఇవాళ పొద్దున నర్సు కాగితం పట్టుకొచ్చింది. మందు మొదలయ్యాక ఇంటి దగ్గర నన్ను కనిపెట్టుకుని ఉండేది ఎవరు, పరీక్షలకు నమూనాలు తెచ్చేది ఎవరు, ఏదైనా జరిగితే ఎవరి మాట నమ్మాలి, వాళ్ల పేరూ ఫోను నంబరూ కావాలంది. మా ఆయన అలవాటుగా జేబులోంచి పెన్ను తీశారు.

"మా వదిన పేరు రాసుకోమ్మా," అన్నాను.

"మీవారు ఇక్కడే ఉన్నారుగా?" అంది నర్సు.

"ఉన్నారు."

నర్సు కాగితం వదిన వైపు తిప్పింది. వదిన తన నంబరు ఒక్కొక్క అంకే చెప్పింది. రెండోసారి చదివించుకుంది కూడా. నర్సు అటు వెళ్లగానే మా ఆయన మంచం మీదికి వంగారు.

"బయటి మనుషుల ముందు నా పరువు తీశావు," అన్నారు, చిన్నగా.

ఇంత జరిగాక కూడా ఆయన బెంగ దాని గురించే. నాకు కోపం కూడా రాలేదు.

"కాస్త జరగండి, సూది గుచ్చేవాళ్లు వస్తున్నారు," అన్నాను.

ఆయన జరిగారు. ఆ ఖాళీలోకి వదిన కుర్చీ లాక్కుంది.