ఆయమ్మ పెద్దకొడుకు

రసూల్‌బీ తుడుపుగుడ్డను బకెట్లో ముంచి పిండి, మంచాల కిందికి వంగింది. గుంటూరులోని ఆ ఆసుపత్రిలో, పసిపిల్లల గుండె వార్డులో, ఆమె చాలా ఏళ్లుగా ఆయా. మోకాళ్లు పట్టేసినా, ఫినాయిలు వాసన తగలగానే చేతులు వాటంతటవే కదులుతాయి.

కిటికీ పక్క మంచం మీద శ్రీదివ్య కొడుకు నిద్రపోతున్నాడు. గుండె గోడకు చిల్లుతో, ఊపిరితిత్తులకు పోయే దారి ఇరుకై పుట్టిన బిడ్డ. ఏడిస్తే పెదాలు నేరేడుపండు రంగుకు తిరిగేవి. ఆపరేషనయ్యాక ఎర్రబడ్డాయి. ఇవాళ ఇంటికి పంపుతున్నారు. పెద్దయ్యాక మరోసారి ఆపరేషన్ చేయాల్సి రావచ్చని డాక్టరమ్మ ముందే చెప్పింది. వీడికి ముందు ఇదే మంచం మీంచి ఆపరేషన్‌కు వెళ్లిన పాప తిరిగి రాలేదు. ఆనాడూ పక్కబట్టలు మార్చింది రసూల్‌బీయే.

తండ్రి కోటేష్ మిర్చి యార్డులో బస్తాలు మోస్తాడు. తలంటుకుని, ఉతికిన చొక్కా వేసుకొచ్చి కూడా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"ఎత్తుకోయ్యా, ఏం కాదు," అంది రసూల్‌బీ.

"వద్దులే ఆయమ్మా. నా ఒంటి ఘాటుకి తుమ్మితే కుట్లు లాగుతాయి."

శ్రీదివ్య సంచీలో బట్టలు సర్దుతూ అడిగింది. "నీకెంతమంది పిల్లలు ఆయమ్మా?"

ఎవరడిగినా ఇద్దరు కూతుళ్లు అనే చెప్పేది రసూల్‌బీ. ఇవాళ మాట అలా రాలేదు.

"ముగ్గురమ్మా. పెద్దోడు షఫీక్. నాలుగోనెల్లో పోయాడు."

"ఏమైంది?"

"వీడిలాగే నీలంగా అయ్యేవాడు. గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించాం. పత్తి చేలో ఉండగా, పాలు తాగుతా తాగుతా ఒళ్లోనే చల్లబడ్డాడు. నా పాలే పడలేదేమో అనుకునేదాన్ని. ఇక్కడ చేరాకే తెలిసింది, అదో జబ్బని, దానికో పేరుందని."

శ్రీదివ్య సంచీ పక్కన పెట్టింది. బిడ్డనెత్తి ఆమె ముందుకు చాచింది. రసూల్‌బీ కుళాయి కింద చేతులు మోచేతుల దాకా రుద్ది కడుక్కుని వచ్చి అందుకుంది. పలచటి చొక్కా వెనుక చిన్న గుండె ఆమె అరచేతికి కొట్టుకుంటోంది. ఆమె కళ్లు మూసుకుంది.

కోటేష్ మెల్లగా లోపలికొచ్చాడు. ఊపిరి బిగబట్టి, ఆమె చేతుల్లోంచి కొడుకుని తీసుకున్నాడు. బిడ్డ తుమ్మలేదు.

వాళ్లు వెళ్లిపోయారు. ఆటో చప్పుడు గేటు దాటిపోయింది. మధ్యాహ్నం మరో బిడ్డ వస్తుంది. రసూల్‌బీ పక్కబట్ట తీయబోయి ఆగింది. తెల్లటి గుడ్డ మీద, బుగ్గ ఆనినచోట, తల్లి పెట్టిన దిష్టిచుక్క చిటికెనవేలి గోరంత నల్లగా అంటుకుని ఉంది.