తులసా మెహెర్ చెప్పిన పాఠం

బ్లాకు ఆసుపత్రి శిక్షణలో తెర మీద ఒక మోచేతి ఫోటో పడేసరికి నర్సు నిరుపమా భోయి కుర్చీలో ముందుకు వంగింది. ఎర్రటి మచ్చ, గీత గీసినట్టు అంచు, పైన తెల్లగా రాలుతున్న పొలుసులు. అచ్చం తమ ఊరి నేతగత్తె తులసా మెహెర్ మోచేయే.

"ఇది సోరియాసిస్. అంటుకోదు," అంది చర్మవైద్యురాలు సుచరితా పాఢి. "తామరైతే మచ్చ నడుమ తేటపడుతుంది. కుష్ఠు మచ్చకు స్పర్శ తగ్గుతుంది. దీనికి అలా ఉండదు. తల, మోకాళ్ళు కూడా చూడండి, గోళ్ళ మీద గుంటలున్నాయేమో చూడండి."

నాలుగేళ్ళుగా నిరుపమ తులసాకి తామర మందే ఇస్తోంది. తగ్గకపోతే "శుభ్రంగా ఉండు మావుసీ" అని, పిన్నిలాంటి మనిషని చూడకుండా కసిరింది కూడా. ఈలోగా కుష్ఠని పుకారు పుట్టి, మగ్గాలవాళ్ళు తులసాను నూలు ముట్టనివ్వడం మానేశారు.

మర్నాడు పొద్దున్నే నిరుపమ తులసా గుమ్మంలో ఉంది. కళ్ళు మూసుకోమని, దూదితో మచ్చల మీద తాకింది. తాకినప్పుడల్లా తులసా "ఆఁ" అంది. గోళ్ళ మీద సూదితో పొడిచినట్టు గుంటలు.

"తప్పు నాదే మావుసీ. ఇది తామరా కాదు, కుష్ఠూ కాదు. పద, పెద్ద డాక్టరమ్మ దగ్గరికి."

"నాలుగేళ్ళకి తెల్లారిందా నర్సు దీదీ నీకు?"

"తిట్టు. తిట్టడం అయ్యాకే బయల్దేరుదాం."

తులసా తనివితీరా తిట్టి, చీర మార్చుకుని వచ్చింది.

డాక్టరమ్మ సోరియాసిసేనని తేల్చింది. పూర్తిగా పోకపోయినా మందులతో అదుపులో ఉంటుందంది. రెండు నెలల్లో మచ్చలు పలచబడ్డాయి. ఒక ఇంటివాళ్ళు నూలు కూడా పంపారు.

నిరుపమకు అది చాలలేదు. శిక్షణకు రాని ఆరోగ్య కార్యకర్తలు ఇంకా పద్నాలుగు మంది ఉన్నారు. నెల సమావేశంలో గంటసేపు ఇమ్మని వైద్యాధికారిని అడిగింది.

"టీకాల సంగతికే టైం చాలదమ్మా."

"భోజనం వేళ ఇవ్వండి సార్."

"అన్నం తింటూ చర్మరోగాలు చూస్తారా?"

"చూస్తారు. నేను సరిగ్గా చూడకే ఒక మనిషికి నాలుగేళ్ళు పాడుచేశాను."

ఆయన సమావేశం కాగితంలో భోజనం వేళకి ఎదురుగా ఆమె పేరు రాశాడు.

అక్కడికొచ్చి మచ్చలు చూపించమని అడిగితే తులసా భగ్గుమంది. "సంతలో ఎద్దులా చూపిస్తావా నన్ను?" అంతలోనే, "చూపిస్తే నేనే చూపిస్తా. నడుమ నువ్వు నోరెత్తకు," అంది.

సమావేశం రోజు ఆమె రవిక చేతులు పైకి మడిచి "ముట్టుకోండి" అంది. ఎవరూ కదల్లేదు. చివరికి కార్యకర్తలందరిలోకీ పెద్దదైన గొలాపీ వేలు ఆనించింది.

"గరుగ్గా ఉందే!"

"గరుకే. నీ వేలేమన్నా ఊడిందా?"

గదంతా నవ్వింది. ఆ నవ్వులోనే ఒక్కొక్కరూ లేచి వచ్చారు. పద్నాలుగు మందీ ముట్టుకునేదాకా తులసా చెయ్యి దించలేదు.

వారం తిరక్కుండా గొలాపీ ఫోన్ చేసింది. "దీదీ, ఒకాయన మోకాళ్ళ మీద మచ్చలు. గోళ్ళు చూశా, దూదితో తాకా. సోరియాసిస్ అనిపిస్తోంది గానీ కచ్చితంగా చెప్పలేను."

"అనుమానం చాలు. డాక్టరమ్మకి చీటీ రాసి పంపు."

"రాసేశా. బస్సులో కూడా కూర్చోబెట్టా," అంది గొలాపీ.