రోడ్డు దాటని కొయోటీ

రొవీనాకు చెల్లెలి మీద కడుపుమంట ఈనాటిది కాదు. ఐలీన్ పుట్టి అమ్మ ఒళ్లోకి చేరిన నాడే మొదలైంది. అయితే ఇన్నాళ్లూ ఎలాగో మూతపెట్టి నెట్టుకొచ్చింది. అమ్మ తన మగ్గం దువ్వెన తీసి ఐలీన్ చేతిలో పెట్టిన రోజున ఆ మూత కాస్తా ఎగిరిపోయింది.

పేకను దిగగొట్టే జూనిపర్ కర్ర దువ్వెన అది. అమ్మమ్మ చేతిలో అరిగి, అమ్మ చేతిలో నునుపు తేలింది. న్యాయానికి పెద్దకూతురికి రావాలి. అదే అడిగితే అమ్మ గొర్రె ఉన్ని దువ్వుకుంటూ తల కూడా ఎత్తలేదు.

"నీకు తొందరెక్కువే రొవీనా. నువ్వు దాచినా నీ నేత దాచదు," అంది.

అమ్మ అన్నది నిజమే. నిజం కాబట్టే అంత మండింది.

ఆ దువ్వెనతో ఐలీన్ చలికాలమంతా కూర్చుని ఒక కంబళి నేసింది. తెలుపు, బూడిద, ముదురు గోధుమ, అన్నీ మందలోని గొర్రెల రంగులే. అద్దకం చుక్క తగల్లేదు. నేసిన మనిషి మనసు అందులోనే చిక్కుపడిపోకుండా బయటికి రావడానికి అంచుదాకా ఒక సన్నటి గీత వదులుతారు. ఐలీన్ అదీ మర్చిపోలేదు. కానీ చూసే మనిషి మనసు చిక్కుపడితే బయటికి రావడానికి ఎవరూ గీత వదలరు. రొవీనా చూపు ఆ కంబళి మీదే ఉండిపోయింది.

విండో రాక్ జాతరలో నేతపోటీకి మధ్యాహ్నంలోగా కంబళి అప్పగించాలి. ఐలీన్ ట్రక్కు సమయానికి మొరాయించింది. ఏళ్ల తరబడి ఆ పోటీకి కంబళ్లు మోసుకెళ్లి ఒక్క రిబ్బను ముక్కా తెచ్చుకోలేని అక్కే చెల్లెల్ని బండెక్కించుకుని వెళ్లాల్సి వచ్చింది. పుండు మీద కారం చల్లినట్టే అయింది.

దారిపొడవునా ఐలీన్ ఒళ్లో కంబళి పెట్టుకుని వాగుతూనే ఉంది. "గెలిచాననుకో అక్కా, నీకు గొర్రెమాంసం, రొట్టె నేనే కొనిపెడతా. ఓడితే నువ్వు కొనిపెట్టు. ఎటైనా మన కడుపులు నిండుతాయి."

"నా కడుపు ఎప్పుడో నిండింది," అంది రొవీనా.

మట్టిరోడ్డు ఎర్రగుట్ట పక్కన మలుపు తిరుగుతుండగా ఆమె కాలు బ్రేకు మీద పడింది. ముందుగా అనుకున్నది కాదు. బుర్రకంటే ముందు నోరే పని చేసింది.

"కొయోటీ! రోడ్డు దాటింది!"

కలిసొచ్చినవాణ్ణి నక్కతోక తొక్కాడంటాం మనం. ఆ నేల మీద ఆ మాట చెల్లదు. నక్కజాతిదే అయిన కొయోటీ నీ దారికి అడ్డంగా పోయిందంటే ముందేదో కీడు కూర్చుని ఉన్నట్టు. చేతనైతే వెనక్కి తిరగాలి, లేదా మొక్కజొన్న పుప్పొడి చల్లి వేడుకోవాలి. ఏదీ చెయ్యకుండా ముందుకుపోయే మొండిఘటాలు రొవీనా ఇంటావంటా లేరు.

"నేను చూళ్లేదే," అంది ఐలీన్.

"నువ్వు నీ కంబళిని చూసుకుంటున్నావుగా!"

ఐలీన్ మెడలోని పుప్పొడి సంచి విప్పుకుంటూ దిగింది. చల్లాల్సింది అడుగుజాడల మీద కాబట్టి రోడ్డుకి ఆ పక్కా ఈ పక్కా వంగి వెతికింది. రొవీనా స్టీరింగు పట్టుకుని కూర్చుంది. జాడ లేకపోతే ఇది పట్టేస్తుంది, అమ్మకి చెబుతుంది, నా బతుకు బజారున పడుతుంది అనుకుంది.

ఐలీన్ తిరిగొచ్చి కిటికీ దగ్గర నిలబడింది. మొహం పాలిపోయింది.

"జాడ లేదక్కా. నా కంటికి అదీ కనపళ్లేదు, దాని అడుగూ కనపళ్లేదు. అంటే వచ్చింది నీకోసమే."

"నాకోసమా?"

"తల వంచు." ఐలీన్ చిటికెడు పుప్పొడి అక్క నెత్తిన పెట్టింది. మిగతాది రోడ్డు మీద చల్లి, పెదాలు కదుపుతూ వేడుకుంది. తర్వాత బండెక్కి తలుపు వేసింది. "తిప్పు."

"మరి పోటీ?"

"అది ఏటా వస్తుంది. తిప్పక్కా!"

రొవీనా కోరుకున్నదే జరిగింది. బండి తిప్పుతుంటే కాసేపు సంతోషంగానే ఉంది కూడా. ఆ సంతోషం ఇల్లు చేరేదాకా నిలవలేదు. పక్కన ఐలీన్ అక్క చెయ్యి వదలకుండా పట్టుకుని కూర్చుంది. ఈ మంచితనం కూడా దీనికే దక్కాలా అని రొవీనాకు కొత్త కుళ్లు పుట్టుకొచ్చింది.

ఇంట్లో విషయం విని అమ్మ ట్సోసీ తాతకు కబురుపెట్టింది. రక్ష ప్రార్థన చెప్పడంలో ఆ చుట్టుపక్కల ఆయన తర్వాతే ఎవరైనా. మధ్యాహ్నం దాటేసరికి వచ్చి, తూర్పు వాకిట్లోంచి లోపలికి చేరి, కాఫీ తాగి కూర్చున్నాడు. ఐలీన్ కంబళి తెచ్చి దక్షిణగా ఆయన ముందు పరిచింది.

రొవీనా ఉలిక్కిపడింది. "అదెందుకే? ఒక గొర్రెని ఇద్దాం."

"ఇంట్లో ఉన్నదాంట్లో మంచిది ఇవ్వాలి," అంది ఐలీన్. "నీకంటే ఎక్కువా ఇది?"

అమ్మ ఔనన్నట్టు తలూపింది. ఏ కంబళి జాతరకు చేరకూడదని రొవీనా ఏడ్చిందో అది ఇప్పుడు రొవీనా కోసమే పరాయి ఇంటికి పోతోంది.

"నేను ఒక్కో మాటా అంటాను. నా వెనకాల నువ్వనాలి," అన్నాడు తాత. "ముందు ఇది చెప్పమ్మా. ఏ దిక్కునుంచి ఏ దిక్కుకి దాటింది? దాన్నిబట్టే నా మాటలు. తప్పు చెప్పావో, ప్రార్థన దారి తప్పుతుంది."

రొవీనా కంబళి వంక చూసింది. అమ్మ వంక చూడలేకపోయింది. ఉత్తరం అందామని నోరు తెరిచింది. పొద్దున రోడ్డు మీద అంత చురుగ్గా తిరిగిన నాలుక ఇప్పుడు మొరాయించింది.

"ఏ దిక్కునుంచీ దాటలేదు తాతా," అంది చివరికి. "కొయోటీ రాలేదు. నేనే అబద్ధమాడాను. దీని కంబళి జాతరకి చేరకూడదని."

అమ్మ రెండు చేతుల్తో మొహం కప్పుకుంది. తాత తన మూట దగ్గరికి లాక్కున్నాడు. "అయితే నాతో పనిలేదు. వస్తాను."

"కూర్చో తాతా," అంది ఐలీన్. అక్క వైపు మాత్రం తిరగలేదు. కంబళిని రెండు చేతులతో ఆయన మోకాళ్ల దాకా నెట్టింది.

"రోడ్డు దాటిపోయే కొయోటీకైతే చిన్న ప్రార్థన చాలు. ఇది మా ఇంట్లోనే కాపురముంటోంది. పెద్దదే చెయ్యి."