ఎలాదియో కోసం పట్టుకున్న తలుపు

"తలుపు పట్టుకో," అన్నాను.

షెనారో పట్టుకోలేదు. తడిసిన టోపీ పిండుకుంటూ దోరిందా హోటలు గడప మీద నిలబడ్డాడు. నాలుగు రోజులుగా ప్రతి గుమ్మం దగ్గరా తలుపు పట్టుకోవడం అతని పని, మాట్లాడటం నా పని. బయలుదేరేటప్పుడే అలా పంచుకున్నాం.

"ఏమయ్యా, చెవుడొచ్చిందా? ఎలాదియో ఇంకా బయటే ఉన్నాడు."

"అక్కర్లేదు, ఎరుందీనా," అన్నాడు నేల చూస్తూ. "ఎలాదియో మనతో లేడు."

అప్పటికే దోరిందా మమ్మల్ని చూసి, ఏమీ అడగకుండానే బల్ల మీద మూడు కంచాలు పెట్టేసింది. ఆ దారిలో హోటలు నడిపేవాళ్ళకి ఇద్దరొస్తే ఇద్దరే కారని తెలుసు. "రా తల్లీ, కూర్చో, నీ కోటు అంచు చిరిగింది, చూసుకున్నావా?" అంటోంది. ఆ క్షణంలో కోటు గొడవ నాకెక్కడ పట్టింది!

ఎలాదియో నా మొదటి మొగుడు, షెనారో రెండోవాడు. ఎలాదియో ఊపిరితిత్తుల నిండా బొగ్గుపొడి నింపుకుని పోయి పద్నాలుగేళ్ళయింది. గనిలో పనిచేసినన్నాళ్ళూ "వచ్చే ఏడు శాన్ ఆంద్రేస్‌కి నడిచి వెళ్దామే" అనేవాడు. ఆ వచ్చే ఏడు రానే లేదు. సముద్రం ఒడ్డున కొండ అంచు మీదున్న ఆ చర్చికి బతికుండగా వెళ్ళనివాళ్ళు చచ్చాకైనా వెళ్ళాల్సిందే, కప్పగానో బల్లిగానో పాక్కుంటూ, ఎన్నేళ్ళు పట్టినా సరే. మా గలీసియా సీమలో చంటిపిల్లలకి కూడా తెలిసిన సంగతి ఇది. అందుకే ఆ దారిలో ఎవరూ పురుగు మీద కాలు వెయ్యరు. అందుకే అయినవాళ్ళు సమాధి రాతి మీద మూడుసార్లు తట్టి, రమ్మని పిలిచి, చనిపోయినవాళ్ళని వెంటబెట్టుకుని నడుస్తారు. దారి పొడుగునా పలకరించాలి. భోజనానికి కుర్చీ వెయ్యాలి. తలుపు తీసి పట్టుకోవాలి, చచ్చినవాడికి తలుపు తీసుకునే చెయ్యి లేదు గదా. మధ్యలో వదిలేశామా, ఆ ఆత్మకి ఇటు సమాధీ లేదు, అటు చర్చీ లేదు. ఏ రాయి కిందో పడి ఉంటుంది.

"లే, నాలుగో రోజు సాయంత్రానికి నిన్ను చేరుస్తాను," అని ఎలాదియో సమాధి మీద తట్టి మాటిచ్చాను. ఇది నాలుగో రోజు. చర్చి ఇంకో మూడు కిలోమీటర్లుంది. ఏడింటికి తాళం వేస్తారు.

"లేడంటే ఏమిటి నీ ఉద్దేశం?"

"పొద్దున మనం కారెక్కినప్పుడు ఆయన ఎక్కలేదు."

షెనారో మోకాలు నిన్నటి నుంచి బూరెలా ఉబ్బి ఉంది. పొద్దున రాతి బస్‌ షెల్టరు దగ్గర గుడ్లమ్మే ఫూకో మమ్మల్ని చూసి జాలిపడి కారాపాడు. ఎనిమిది కిలోమీటర్లు తీసుకొచ్చి దోరిందా హోటలు ముందు దింపాడు. కారెక్కడంలో తప్పేం లేదు. బస్సులో వచ్చేవాళ్ళు చనిపోయినవాళ్ళకి కూడా టిక్కెట్టు కొని తెస్తారు. కానీ వాళ్ళు ఎక్కేదాకా తలుపు తెరిచి ఉంచాలి.

"తలుపు ఎవరు వేశారు?"

షెనారో ఒక్క క్షణం నా ముఖంలోకి చూశాడు. "నేనే."

"మరచిపోయి వేశావా?"

పలకలేదు.

"కావాలనే వేశావా?"

దానికి టోపీ మళ్ళీ పిండాడు. మా ఊళ్ళో సగం ఇళ్ళకి తలుపులు చేసి పెట్టిన వడ్రంగి అతను. తలుపెలా పట్టుకోవాలో అతనికి తెలీదా? ఒళ్ళు మండిపోయింది. చేతికర్ర తీసి బల్ల మీద ఒక్కటి వేశాను. మూడు కంచాలూ ఎగిరిపడ్డాయి.

"చచ్చినవాడి మీద కూడా కుళ్ళేనా నీకు! తొమ్మిదేళ్ళు నా ఇంట్లో తిన్నావు. ఆయన నిన్నేమన్నాడయ్యా? గోడ మీద ఫొటోలో కూర్చున్నాడు, అంతేగా!"

"నీ నోటికి దణ్ణం. ముందు పద. వెనక్కి పోదాం," అన్నాడు షెనారో.

దోరిందా మూడో కంచం తీసి గుండెకి ఆనించుకుని నిలబడింది. "నడిచే వెళ్ళండి," అంది. "కారెక్కితే దారిలో ఆయన ఎదురొస్తున్నా దాటేసి పోతారు. పదకొండే అయింది, చేరగలరు."

ఎనిమిది కిలోమీటర్లు వెనక్కి. మళ్ళీ పదకొండు ముందుకి. నాకు అరవై రెండు, అతనికి అరవై ఏడు, మోకాలు ఒకటే మంచిది.

నేను ముందు నడిచాను. సన్నని జల్లు, కొండ మీది నుంచి దిగుతున్న మంచు, రోడ్డుకి రెండు వైపులా నీలగిరి చెట్లు. ప్రతి మలుపు దగ్గరా ఆగి "ఎలాదియో! ఇటు రా! నేనే!" అని కేక వేశాను. నా గొంతే తిరిగొచ్చింది. నాలుగు రోజులుగా నా పక్కన ఉన్నాడని ఎంత నమ్మకంగా ఉందో, ఇప్పుడు లేడని అంత నమ్మకంగా ఉంది. వెనకాల షెనారో కర్ర చప్పుడు వినిపిస్తోంది, టక్కు, ఈడ్పు, టక్కు, ఈడ్పు. నేను ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. చూడకూడదనే అనుకున్నాను.

నిజం చెప్పాలంటే ఈ నాలుగు రోజుల్లో షెనారోతో నేను మాట్లాడింది ఏముంది? ఉప్పు ఇటివ్వు, లే, నడు. మిగతాదంతా ఎలాదియోతోనే. మన పెళ్ళిలో మీ బాబాయి పడిపోయిన బావి గుర్తుందా, మన పసుపు ఆవు గుర్తుందా అని గంటలకొద్దీ చెప్పుకున్నాను. పక్కన నడిచేవాడు అదంతా విన్నాడు. ఎక్కడో కుళ్ళు పుట్టే ఉంటుంది. పుడితే మాత్రం? దారిలో దింపేసి పోతాడా మనిషి?

నాలుగో కిలోమీటరు దగ్గర ఆగి, అప్పుడు తిరిగాను.

"విను. ఎలాదియో దొరక్కపోతే నీతో ఇంటికి రాను. మా చెల్లెలింటికి పోతాను. నీ సామాను నువ్వు తీసుకుపో."

షెనారో ముఖం మీద చెమటో వానో కారుతోంది. "సరే," అన్నాడు. "నడు, ఆలస్యమవుతోంది."

ఆ "సరే"కి నాకు ఇంకా కోపమొచ్చింది. బతిమాలతాడనుకున్నాను మరి.

అక్కడి నుంచి దిగుడు. దుంగల లారీలు మలుపుల్లో ఒకదాని వెనకొకటి వస్తున్నాయి. ఒక్కోటి పోయినప్పుడల్లా నా చూపు చక్రాల కిందికే పోయింది. నత్త కనబడినా, తడి ఆకు కనబడినా ప్రాణం విలవిల్లాడింది. ఇంతలో రోడ్డుకి సరిగ్గా మధ్యలో ఒక కప్ప. పిడికిలంత గోదురుకప్ప, మా వైపే తల పెట్టి కూర్చుంది. అంటే మా వెనకున్న చర్చి వైపే.

అదే సమయానికి మలుపు అవతల లారీ హారను మోగింది.

నా కాళ్ళు భూమికి అతుక్కుపోయాయి. నన్ను పక్కకి తోసి షెనారో ముందుకి పోయాడు. పోవడమంటే పరుగు కాదు, ఆ మోకాలితో పరుగెక్కడ! కర్ర పారేసి, ఒంటికాలి మీద గెంతుతూ, రోడ్డు మధ్యకి పోయి, వంగి, టోపీ కప్ప మీద బోర్లించి, ఒక చెయ్యి పైకెత్తాడు. లారీ మలుపు తిరిగింది. బ్రేకులు కీచుమన్నాయి. దుంగలు ఒకదానికొకటి కొట్టుకున్నాయి. బండి అతనికి నాలుగడుగుల దూరంలో వచ్చి ఆగింది.

డ్రైవరు కిటికీలోంచి సగం బయటికొచ్చి తిట్లు లంకించుకున్నాడు. "చావడానికి నా లారీయే దొరికిందా, ముసలోడా! ఏముంది ఆ టోపీలో, బంగారమా?"

"యాత్రికుడు," అన్నాడు షెనారో.

డ్రైవరు నోరు మూసుకున్నాడు. అతనూ ఇక్కడివాడే. తల మీది టోపీ తీసి, మేం పక్కకి తప్పుకునేదాకా ఇంజను ఆపి కూర్చున్నాడు.

గట్టు మీద గడ్డిలో షెనారో టోపీ తెరిచాడు. కప్ప కాసేపు మమ్మల్ని చూసి, తాపీగా రాళ్ళ సందులోకి పోయింది.

"నీకు మతి పోయిందా? చచ్చేవాడివి! అది ఎలాదియో అని ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు. ఆయన కాకపోతే ఇంకెవరి ఎలాదియోనో."

రోడ్డు పక్కన పడ్డ కర్ర తెచ్చి అతని చేతికిచ్చాను. అక్కడి నుంచి పక్కపక్కనే నడిచాం. ఎలాదియోని దారిలో దింపేసినవాడూ, ముక్కూ ముఖం తెలియని కప్ప కోసం లారీకి అడ్డం పడ్డవాడూ ఒక్కడే ఎలా అవుతాడు? ఎంత ఆలోచించినా లెక్క కుదరలేదు.

బస్‌ షెల్టరు చేరేసరికి ఒకటిన్నర. రాతి గోడ, రాతి అరుగు, ఎవరూ లేరు. పొద్దున ఫూకో కారు చక్రాలు చేసిన గాడి బురదలో అలాగే ఉంది. అరుగు మీద కూలబడ్డాను. ఒడిలో పరుచుకున్న కోటు అంచు అప్పుడు కనబడింది. జానెడు పొడుగున నల్లటి జిడ్డు గీత, దాని చివర చిరుగు. కారు తలుపులో నలిగితే పడే గీత అది.

నా కోటు. నేను కూర్చున్న వైపు తలుపు.

పొద్దున జరిగింది మొత్తం కళ్ళ ముందుకొచ్చింది. నేను వెనక సీట్లో ఎక్కాను. పక్కన చోటు ఎలాదియోకి. ఫూకో "కాళ్ళు జాగ్రత్త, అమ్మా, ముప్పై డజన్ల గుడ్లున్నాయి" అన్నాడు. బయట నిలబడ్డ షెనారో, "ఈవిడ పక్కన పెట్టావుగా, ఆ వేడికి నువ్వు సంతకి చేరేసరికి గుడ్లుండవు, కోడిపిల్లలుంటాయి" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. మామూలు నవ్వు కాదు, పొట్ట పట్టుకుని, కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాను. నవ్వుతూనే "చాల్లే సంబడం, వాన లోపలికొస్తోంది" అని తలుపు లాగాను. గట్టిగా లాగాను. తలుపు వెంటనే రాలేదు, అవతల ఎవరో పట్టుకుని ఉన్నట్టు.

"నువ్వు తలుపు పట్టుకునే ఉన్నావు," అన్నాను.

షెనారో మోకాలు రుద్దుకుంటున్నాడు.

"నీ చేతిలోంచి నేనే లాగేసుకున్నాను. కదూ? చెప్పు!"

"లాగేసుకున్నావు."

"మరి నువ్వే వేసినట్టు ఎందుకన్నావయ్యా? ఇంతసేపు ఇన్ని మాటలు పడ్డావు!"

"నా తప్పు లేకపోలేదు," అన్నాడు. "అప్పుడే చెప్పి ఉండాల్సింది. ఆపండి, ఎలాదియో ఎక్కలేదు అని. నోటి దాకా వచ్చింది. కానీ నువ్వు నవ్వుతున్నావు. ఎన్నాళ్ళకి నవ్వావో నీకు తెలీదు. ఇంకో మలుపు దాకా నవ్వనీ, అప్పుడు చెబుదాం అనుకున్నాను. ఆ మలుపు అయ్యాక ఇంకో మలుపు." మోకాలు రుద్దడం ఆపాడు. "ఆయన్ని నువ్వే మరచిపోయావని తెలిస్తే నువ్వు తట్టుకోలేవు. నా మీద కోపమంటావా, అది నీకు అలవాటేగా."

ఏడ్చాను. దాచుకోవడానికేముంది, ఆ షెల్టర్లో కూర్చుని పెద్దగానే ఏడ్చాను. పద్నాలుగేళ్ళలో ఎలాదియో లేని పూట ఒక్కటి లేదు నాకు. పొద్దున ఒక్క పావుగంట మాత్రం లేడు, ఆ పావుగంటా నేను సంతోషంగా ఉన్నాను.

కర్ర తీసుకుని రాతి అరుగు మీద మూడుసార్లు తట్టాను.

"ఎలాదియో, తలుపు వేసింది నేనే. షెనారో కాదు. నవ్వుతూ ఉండి నిన్ను మరచిపోయాను. కోపమొస్తే నన్ను తిట్టు. లే, పోదాం, దూరముంది."

గాలి లేదు, అలికిడి లేదు. అయినా పక్కకి జరిగి చోటిచ్చాను. షెనారో కూడా జరిగాడు.

తిరుగుదారిలో ముగ్గురం నడిచాం. ఈసారి నేను ఎలాదియోకి పాతవి చెప్పలేదు. షెనారో ఎలా చెక్క కోస్తాడో, వంటింటి కిటికీ ఎలా బాగుచేశాడో, నిద్రలో ఎలా గురక పెడతాడో చెప్పాను. "ఆయనకి అవన్నీ ఎందుకే?" అని షెనారో సణిగాడు. "నువ్వు నోరు మూసుకుని నడు, నేను ఆయనతో మాట్లాడుతున్నాను," అన్నాను. దోరిందా గుమ్మంలోనే నిలబడి రొట్టె చేతిలో పెట్టింది. ఆగకుండా నడుస్తూనే తిన్నాం. ఆఖరి కిలోమీటరు షెనారో నా భుజం మీద బరువు వేసి నడిచాడు. నొప్పికి పళ్ళు కొరుక్కుంటున్న చప్పుడు నా చెవి దగ్గరే వినిపించింది.

ఏడింటికి ఐదు నిమిషాలుండగా చేరాం. తాళం చెవులతో నిలబడ్డ ముసలావిడ మమ్మల్ని, మా మధ్య ఖాళీనీ చూసి, "త్వరగా కానివ్వండి, నాయనా" అంది.

షెనారో చర్చి తలుపు తోసి, వీపుతో ఆనించి పట్టుకున్నాడు. "పదవయ్యా, ఎలాదియో," అన్నాడు. నాలుగు రోజుల్లో అతను ఎలాదియోతో మాట్లాడటం అదే మొదలు. "చాలా నడిపించాం నిన్ను."

లోపల కొవ్వొత్తి వెలిగించాను. ఇచ్చిన మాట తీరిందని చెప్పాను. ఇంక ఇక్కడే ఉండమని చెప్పాను, ఇంట్లో నేను బాగానే ఉన్నానని కూడా చెప్పాను. ఆ చివరి మాట చెప్పడానికే ఎక్కువసేపు పట్టింది.

బయటికి వచ్చాక చూస్తే షెనారో ఇంకా తలుపు పట్టుకునే ఉన్నాడు. నాలుగు రోజుల అలవాటు. ఒంటికాలి మీద నిలబడి, ఖాళీ గుమ్మంలోకి మర్యాదగా చూస్తూ, ఇంకొకరు రావాల్సి ఉన్నట్టు.

కోటు అంచు పక్కకి తీసుకున్నాను. హ్యాండిల్ మీది అతని వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి నా చేతిలో పెట్టుకుని, రెండో చేత్తో తలుపు నేనే లాగి వేశాను.