పదీ పది దగ్గర ఆగిన గడియారం

నాన్న నోరు విప్పేది రోజుకి ఒక్క గంట. మిగతా పొద్దంతా గడియారాల కొట్లో, కుడికంటికి భూతద్దం బిగించుకుని పళ్లచక్రాల మీదికి వంగి ఉంటాడు. ఎవరైనా వాచీ తెచ్చిస్తే "ఊఁ" అంటాడు. బాగుచేసి తిరిగిచ్చేటప్పుడు ఇంకో "ఊఁ". ఆ రెండిటి మధ్య ఏం జరిగిందో ఆ వాచీకే తెలియాలి.

అలాంటి మనిషి సాయంత్రం ఏడింటికి కొట్టు కట్టేసి, వెనక గదిలో టీవీ ముందు కూర్చోగానే గలగలా మాట్లాడేవాడు. అమ్మకి ఆస్పత్రిలో సాయంత్రం డ్యూటీ కాబట్టి ఆ గంట పూర్తిగా కూతురిదే. ఇంట్లో అందరూ పిచ్చుక అని పిలిచే ఆ పదిహేనేళ్ల పిల్లకి, బళ్లో పాఠం అప్పజెప్పాలన్నా గొంతు పెగలదు. నాన్న దగ్గర ఆ గంటసేపు మాత్రం మాటలు వాటంతటవే వచ్చేవి.

అదంతా ఒక సీరియల్ పుణ్యం. పాత పోస్టాఫీసులో చిరునామా సరిగా లేని ఉత్తరాలను ముందేసుకుని, అవి ఎవరివో కనిపెట్టే ముగ్గురు ఆడవాళ్ల కథ. మొదటి సీజన్‌కి బోలెడన్ని అవార్డులు వచ్చాయి. ఒక్కో ఎపిసోడ్‌కి ఒక్కో ఉత్తరం. "ఇది ఎవరు రాసుంటారు నాన్నా?" అని పిచ్చుక అడగడం, నాన్న ఊహించడం. ఆ ఊహల్లోంచే ఒకసారి, చిన్నప్పుడు తను బడి గడియారం విప్పి, మళ్లీ బిగించడం రాక, చక్రాలన్నీ టోపీలో వేసుకుని ఇంటికి పరిగెత్తిన సంగతి బయటపడింది. పిచ్చుక కడుపు పట్టుకుని నవ్వింది.

మూడో సీజన్‌కి వచ్చేసరికి కథ ఎటో పోయింది. పోస్టుమాస్టరమ్మకి ఎక్కడినుంచో కవల చెల్లెలు దిగింది. చచ్చిపోయిన పెద్దాయన లేచొచ్చాడు. ఉత్తరాలు విప్పడమే మానేశారు.

మేడ మీద ఉండే అత్త బట్టలు ఇస్త్రీ చేసుకోవడానికి కిందికొచ్చి, ఒక కన్ను టీవీ మీద వేసింది. "అదేంటే, పోస్టాఫీసులో తుపాకులెందుకు? స్టాంపులు కాల్చి అంటిస్తారా?"

పిచ్చుక నవ్వింది గానీ, నాన్న నవ్వలేదు. వారం రోజులుగా ఆయన టీవీ ముందు కూడా ఊఁ అనే స్థాయికి వచ్చేశాడు. సీరియల్ చూస్తే ఇలా మౌనం. మానేస్తే ఆ గంటే ఉండదు. ఏం చెయ్యాలో తోచక, పిచ్చుక నాలుగో ఎపిసోడ్ అయ్యాక ధైర్యం చేసింది.

"నాన్నా, ఇక మానేద్దామా? చూస్తుంటే బాధేస్తోంది."

నాన్న తెర మీంచి కళ్లు తిప్పకుండానే, "గడియారం ఆగిపోయింది," అన్నాడు.

"మన కొట్లోదా?"

"కాదు. వాళ్లది. గోడమీది లోలకం గడియారం. సీజన్ మొదలైనప్పట్నుంచీ పదీ పదే. మెయిన్‌స్ప్రింగ్ తెగుంటుంది. లేదా ఎవరూ కీ ఇవ్వట్లేదు."

అత్త ఇస్త్రీపెట్టె నిలబెట్టి నడుం మీద చెయ్యేసుకుంది. "వెళ్లి బాగుచేసి రారాదూ అన్నయ్యా! పోస్టాఫీసు ఎక్కడుందో కవల చెల్లెల్ని అడుగు."

పిచ్చుకకి మాత్రం నవ్వు రాలేదు. "మొదట్లో నడిచేదా?" అంది.

"నడవడమా! పోస్టుమాస్టరమ్మ మూడు నిమిషాలు ఉత్తరం చదివితే ముల్లు మూడు నిమిషాలే జరిగేది. ఒక్కో సీను ముక్కలు ముక్కలుగా తీస్తారు కదా. ప్రతి ముక్కకీ ఎవరో స్టూలెక్కి ముల్లు సరిచేసి ఉండాలి."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు ఉత్తరాలు చూసేదానివి. నేను గడియారం చూసేవాణ్ణి. నువ్వూ చూస్తున్నావనుకున్నా."

రెండేళ్లు పక్కపక్కన కూర్చుని ఇద్దరూ ఒకే సీరియల్ చూశామనుకున్నారు. పిచ్చుక రిమోట్ అందుకుంది. "ఎక్కడ ఆగిందో చూద్దాం పద."

అప్పట్నుంచి వారం పాటు ఏడింటికి అదే పని. వెనక్కి వెళ్లడం, గోడ కనిపించినచోట ఆపడం, టైము నోటుపుస్తకంలో రాయడం. మూడో సీజన్ మొత్తం పదీ పదే. నాన్న మెయిన్‌స్ప్రింగ్ మాట వెనక్కి తీసుకున్నాడు. "పదీ పది దగ్గర గడియారం దానంతటది ఆగదు. అమ్మకానికి అద్దాలబీరువాలో పెట్టే గడియారాలకి అలా పెడతారు. చూడ్డానికి బాగుంటుందని."

గడియారం మొదట ఆగింది రెండో సీజన్ ఏడో ఎపిసోడ్‌లో. పిచ్చుక తెల్లబోయింది. ముసలామెకి నలభై ఏళ్ల తర్వాత తమ్ముడి ఉత్తరం అందిన ఎపిసోడ్ అది. అప్పట్లో అది చూసి ఇద్దరూ కళ్లు తుడుచుకున్నారు, అత్త కూడా ఇస్త్రీ బట్టలతో ముక్కు తుడుచుకుంది.

"అంత బాగున్నప్పుడే ఆగిపోయిందా? మరి మనకి తెలియలేదేం?"

"వాచీలూ అంతే. కీ ఇవ్వడం మానేసినా ఒకరోజు నడుస్తాయి."

"మరి ఆరో ఎపిసోడ్ దాకా కీ ఇచ్చిందెవరు?"

పిచ్చుక ఆరో ఎపిసోడ్ చివర, చీమల బారులా పైకి పాకే పేర్లు ఆపింది. నాన్న భూతద్దం తెచ్చి టీవీకి ముఖం ఆనించాడు. సెట్‌లో గది సామాన్లు చూసుకున్నదంటూ అట్టడుగున ఒకావిడ పేరు. ఏడోదానిలో ఆ వరుసలో ఇంకెవరిదో పేరు ఉంది.

"పాపం, తీసేశారా, తనే మానేసిందా?" అంది అత్త. ఇస్త్రీ ఎప్పుడో అయిపోయినా ఆవిడ మేడెక్కలేదు.

అది ముగ్గురికీ తెలియదు. పిచ్చుక ఫోనులో ఆ పేరు కొట్టి చూసింది. ఆవిడ ఇప్పుడు వేరే సీరియల్‌కి పనిచేస్తోంది. పడవలు బాగుచేసే కుటుంబం కథ. దాన్ని ఎవరూ మెచ్చుకున్నట్టు లేదు, అసలు ఎవరూ చూసినట్టే లేదు.

మర్నాడు ఏడింటికి ఆ పడవల సీరియల్ మొదటి ఎపిసోడ్ పెట్టారు. నాన్న గోడలన్నీ వెతికాడు. ఎక్కడా గడియారం లేదు. ఆయన ముఖం కాస్త వాడింది. తెరమీద తండ్రీ కొడుకులు పడవ గురించి పోట్లాడుకుంటున్నారు. పిచ్చుక వాళ్ల మధ్య ఉన్న బల్ల మీదికి చూసి, రిమోట్ నొక్కి, వెనక్కి తిప్పింది. మళ్లీ నొక్కింది.

"నాన్నా, వాళ్ల టీ గ్లాసు చూడు. ఈ ముక్కలో సగానికుంది. తర్వాతదానిలో ఒక గుక్క తగ్గింది. ఆ తర్వాత ఇంకో గుక్క. ఇది ఆవిడ పనే."

నాన్న ముందుకి వంగి కళ్లు చికిలించి చూశాడు. "ఊఁ," అన్నాడు.

పిచ్చుకకి ఆ ఊఁ కొత్తగా వినిపించింది. ఆయన కుర్చీ ఆమెకి ఇంకాస్త దగ్గరగా జరుపుకున్నాడు. "మొదట్నుంచి పెట్టు. ఆ గ్లాసు ఎవరిదో కనిపెడదాం."