ఏటి అవతలి కూతలు

న్యాగుతీ చేపను బూడిదలో పొర్లించి పట్టుకుంది. ట్రౌట్ చేపకు ఒళ్ళంతా జారుడే. బూడిద అంటకపోతే చచ్చిన తర్వాత కూడా చేతిలోంచి జారి ఏట్లో పడదామనే చూస్తుంది. మొప్పల కింద బొటనవేలు నొక్కి, కత్తి మొనతో పొట్ట చీల్చి, లోపలిదంతా ఒక్క లాగుతో తీసి పిల్లి ముందు పడేసింది. వెన్ను వెంబడి ఉన్న నల్లని నెత్తుటి గీతను గోటితో గీకి, నీళ్ళు కుమ్మరించి కడిగి, పళ్ళెంలో పేర్చింది. పక్కన గులాబీ చార, పైన నల్ల చుక్కలు. చూడ్డానికి ముద్దుగానే ఉంటుంది. తినడానికే ఆమెకు ఏనాడూ మనసొప్పలేదు. కియాంబోగో ఊళ్ళో ఆమె ఈడు వాళ్ళెవరూ చేప ముట్టరు. నీళ్ళ పాము అంటారు దాన్ని. అయినా ఏటి ఒడ్డున గాలాలు వేసేవాళ్ళు దిగే చేపల బంగళాలో ఆమె వేయించే ట్రౌట్ కోసం నైరోబీ నుంచి కార్లేసుకుని వచ్చేవాళ్ళున్నారు. నాలుక మీద వేసుకోకుండా ఉప్పు ఎలా సరిపెడతావని అడిగితే, "చెయ్యి ఆగిన చోట ఆపేస్తాను" అనేది. అంతకు మించి ఆమెకూ తెలియదు.

మనిషి పొట్టి, వెడల్పు. మోచేతుల దాకా నూనె చిట్లిన మచ్చలు. చిన్నప్పుడు కుట్టించుకున్న చెవి తమ్మెలు సాగి భుజాల వైపు వేలాడుతూ ఉంటే, పొయ్యి ఊదేటప్పుడు అడ్డం రాకుండా వాటిని చెవుల మీదుగా పైకి మడిచి పెట్టుకునేది. ముందు పళ్ళ మధ్య సందు ఉంది. నవ్వితే ఆ సందులోంచి ముందు చిన్న ఈల వచ్చి, తర్వాత నవ్వు వచ్చేది. న్యాగుతీ అంటే వాళ్ళ భాషలో దారి పట్టి పోయేది అని అర్థం. పేరు అలా పెట్టారు గానీ, మొగుడు మతెంగే పోయాక బంగళా వంటింట్లో చేరిన మనిషి ఆ పొయ్యి వదిలి పోయింది లేదు. సంతకు వెళ్ళి వస్తే అదే ఆమెకు తీర్థయాత్ర.

కోడి మెడ ఈకలు పీకుతూ గుమ్మంలో కూర్చుని ఉంది గతీగియా. బంగళాకు వచ్చే వాళ్ళ గాలాలకు ఎరగా ఈకలతో, పట్టుదారంతో దొంగ ఈగలు కట్టి అమ్మడం ఆమె పని. ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళ పని అదే. అందుకే కియాంబోగోలో మెడ నిండా ఈకలున్న కోడిపుంజు కనబడితే, అది పొరుగూరి నుంచి తప్పిపోయి వచ్చిందని ఎవరైనా చెప్పేస్తారు.

"తెల్లారగట్ల నుంచీ నొప్పులటే నీ కూతురికి," అంది గతీగియా, తల ఎత్తకుండా.

న్యాగుతీ చేతిలో కత్తి ఆగింది. "ఎవరు చెప్పారు?"

"పాలాయన. వంతెన దిగుతుంటే ఎదురయ్యాడు. మంత్రసాని కూడా వచ్చేసిందట."

"వచ్చినప్పటి నుంచీ ఊరి ముచ్చట్లన్నీ చెప్పావు. ఈ మాట ఇప్పుడా చెప్పడం!"

"ముందే చెబితే నాకు టీ పెట్టేదానివా?"

న్యాగుతీ నవ్వలేదు. "ఆడపిల్లే అంటావా?" అంది, గొంతు తగ్గించి.

"నేను ఈగలు కడతాను గానీ జోస్యం చెప్పను తల్లీ. ఏది పుట్టినా ఏడుస్తూనే పుడుతుంది."

వాళ్ళలో పేర్లు ఎవరికి నచ్చినట్టు వాళ్ళు పెట్టుకునేవి కావు. వరస ప్రకారం రావాలి. మొదటి ఆడపిల్లకు నాయనమ్మ పేరు, రెండో ఆడపిల్లకు అమ్మమ్మ పేరు. మగపిల్లల్లో మొదటివాడికి నాన్న తండ్రి పేరు, రెండోవాడికి అమ్మ తండ్రి పేరు. పేరు వచ్చిందంటే మనిషి మళ్ళీ వచ్చినట్టే లెక్క. ఏటి అవతలి గట్టున కాపురమున్న న్యాగుతీ కూతురు వాముయుకు తొలిచూలు ఆడపిల్ల. అత్తగారి పేరున న్యాకియో అయింది. ఆ తర్వాత వరసగా మగపిల్లలే. అందులో రెండోవాడు మతెంగే. వాడు ఇవతలికి వచ్చినప్పుడల్లా న్యాగుతీ వాణ్ణి "రావయ్యా మొగుడా" అని పిలిచి ఒళ్ళో కూర్చోబెట్టుకునేది. వియ్యపురాలు న్యాకియో ఏటి అవతలి గట్టు నుంచే అరిచేది: "నీ మొగుడు మా ఇంట్లో ఒంటరిగా తిరుగుతున్నాడు వదినా! నువ్వెప్పుడొస్తావు?" ఇవతల బట్టలు ఉతికే ఆడవాళ్ళంతా విరగబడి నవ్వేవారు. న్యాగుతీ కూడా నవ్వేది. ఇంటికి వెళ్ళాక మాత్రం ఆ మాట మనసులో ముల్లులా గుచ్చుకునేది. ఆమెకు వాముయు తప్ప మరో బిడ్డ లేదు. ఈ కాన్పుతో సరి అని వాముయు ఖండితంగా చెప్పేసింది. ఇప్పుడు రాకపోతే ఆ పేరు ఇక ఎక్కడా రాదు.

"పోయి చూసి రారాదూ?" అంది గతీగియా.

"పిలవని పేరంటానికా? అల్లుడి ఇల్లది. కబురు రానీ."

నిజానికి అదొక్కటే కారణం కాదు. ఆ తాళ్ళ వంతెన అంటే ఆమెకు ప్రాణభయం. అడుగు వేస్తే చాలు, ఊయలలా ఊగేది. అందుకే కూతురు కాపురానికి వెళ్ళాక మనవలే ఇవతలికి రావడం గానీ, ఆమె అవతలి గట్టు తొక్కింది లేదు.

పని ఆగదు కదా. పిండి కలిపింది, చపాతీలు ఒత్తింది, నల్ల అనుములు పొయ్యి మీద పెట్టింది. బాలింతకు అరటికాయతో కలిపి మెదిపి పెట్టాల్సినవి అవి. కాన్పు నెల మొదలైనప్పటి నుంచీ రోజూ నానబెడుతూనే ఉంది, రోజూ వాటిని బంగళా పనివాళ్ళే తింటున్నారు. అనుములు చూస్తే వాళ్ళకు మొహం మొత్తింది. చేస్తున్న పని మధ్యలో వెనక తలుపు తీసి ఏటి వైపు చెవి పెట్టేది. మొన్నటి వానలకు కరురుమో ఏరు ఒడ్డులు ఒరుసుకుని పారుతూ, రాళ్ళ మీద దూకుతూ ఒకటే హోరు. ఏట్లో నడుము దాకా దిగిన పెద్దమనుషులు పొడుగాటి గాలపు కర్రలు ఊపుతున్నారు. చేప పడితే ఫొటో తీసుకుని, దాన్ని బుజ్జగించి మళ్ళీ వదిలేసేవాళ్ళు వాళ్ళలో ఉన్నారు. వదిలేదానికి పట్టడమెందుకో ఊరికి ఇప్పటికీ అర్థం కాలేదు.

భోజనాల వేళకు అందరూ తడి బూట్లతో వరండాలో చేరారు. నకురు నుంచి వచ్చిన పళ్ళ డాక్టరు రేడియోలో ఫుట్‌బాల్ పెట్టాడు. న్యాగుతీ చేపల పళ్ళెంతో వచ్చి, దాన్ని బల్ల మీద పెట్టకుండా అతని ముందు నిలబడింది.

"బాబూ, ఆ పెట్టె నోరు కాసేపు ముయ్యి. నా కూతురు కంటోంది."

డాక్టరు బిత్తరపోయి చుట్టూ చూశాడు. "ఎక్కడ?"

"ఏటి అవతల. కూతలు వినాలి."

బంగళా మేనేజరు కిహురియా ఆ ఊరివాడే. అతను విడమరిచి చెప్పాడు: మగపిల్లాడు పుడితే ఇంటి ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ ఐదు కూతలు వేస్తారు, ఆడపిల్లయితే మూడు. ఊళ్ళో ఫోను పోస్టాఫీసులో ఒక్కటే ఉంది, అదీ పనిచేసేది తక్కువ. ఈ కబురు మాత్రం ఏనాడూ తప్పలేదు. డాక్టరు గబగబా రేడియో కట్టేశాడు. మిగతావాళ్ళు ముళ్ళచెంచాలు కింద పెట్టేశారు. నమలడానికి కూడా మొహమాటపడ్డారు.

అప్పుడు వినబడింది. అవతల అరటితోటల్లోంచి సన్నగా, పదునుగా, హోరును కోసుకుంటూ ఒక కూత.

న్యాగుతీ పళ్ళెం గతీగియా చేతిలో పెట్టేసి గట్టు చివరికి పరుగెత్తింది.

రెండు. మూడు.

ఆమె రెండు చేతులూ పైకి లేచాయి. పళ్ళ సందులోంచి ఈల వచ్చింది. ఇవతలి నుంచి జవాబు కూత వేయడానికి గుండెల నిండా గాలి పీల్చుకుంది. పీల్చిన గాలి అలాగే ఉండిపోయింది. అవతల నుంచి నాలుగోది వచ్చింది. కాస్త ఆగి ఐదోది కూడా వచ్చింది, అన్నిటికంటే పొడుగ్గా.

వరండాలో వాళ్ళు చప్పట్లు కొట్టారు. "మనవడు! శుభం, శుభం!" అంటూ డాక్టరు లేచి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని ఊపేశాడు. న్యాగుతీ చేతులు దించుకుంది. నవ్వి అందరికీ తల ఊపింది. దేవుడుండే కొండ వైపు తిరిగి, తల్లీ బిడ్డా క్షేమంగా ఉన్నందుకు లోలోపలే దండం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

లోపల ఆమెకు ఏడుపు వచ్చింది. అలా ఏడవడం తప్పని కూడా తెలుసు. మగపిల్లాడయితే మాత్రం వాడు మనవడు కాదూ! అయినా ఏడుపు ఆగలేదు. మొగుడి తల్లి గుర్తొచ్చింది. ఆమె పేరు వాముయు. అది కూతురి రూపంలో వచ్చింది. మతెంగే వచ్చాడు. అందరూ వచ్చారు. తనొక్కతే ఎవరూ దించుకోని మూటలా దారి పక్కన మిగిలిపోయినట్టు అనిపించింది.

గతీగియా వెనకే వచ్చి, పొయ్యి మీది అనుములు కలుపుతూ, "పోనీలే. ఈసారి నా కోడిపెట్టకు నీ పేరు పెడతాను," అంది.

"మెడ ఈకలన్నీ పీకడానికా?"

"పెట్టలకు పీకనే."

న్యాగుతీకి ఏడుపులోనే నవ్వు వచ్చింది. కొంగుతో ముక్కు తుడుచుకుని అరటికాయలు వలవడం మొదలుపెట్టింది. ఎవడు పుట్టినా బాలింత తినాలి కదా.

ఎండ వాలుతుండగా వెనక గట్టు మీద కేకలు వినబడ్డాయి. న్యాకియో! కర్రలా పొడుగాటి ముసలిది. మోకాళ్ళ దాకా బురద, పైకి దోపుకున్న లంగా, ఒక చేతిలో చెరుకు గడ, అదే కర్రగా ఊతం. వస్తూనే తిట్లు లంకించుకుంది.

"ఏం మనిషివే నువ్వు! మధ్యాహ్నం గొంతు చించుకుని కూస్తే జవాబు కూత ఒక్కటైనా లేదు! నీ పేరు అంత చవకా?"

న్యాగుతీకి అర్థం కాలేదు. "నా పేరేంటి వదినా? మగపిల్లాడు కదా?"

"మగపిల్లాడెవరు?"

"ఐదు విన్నానుగా."

 న్యాకియో చెరుకు గడ కింద పడేసి నుదురు కొట్టుకుంది. "అయ్యో నా నోరు పడిపోను! మూడే వదినా పిల్లకి! ఆ చివరి రెండూ నేను నీకు వేశాను!"

"నాకా?"

"ఇన్నేళ్ళూ నిన్ను ఏడిపించినందుకు ఒకటి. ఇక ఏడిపించడానికి ఏమీ మిగల్లేదే అన్న దిగులుకి ఇంకొకటి. మంత్రసాని నెత్తి మీద మొట్టింది కూడా, లెక్క తప్పావు, ఏటి అవతల ఏమనుకుంటారో అని. నేను వింటేగా! మా పొరుగాయన మగపిల్లాడనుకుని కూతకొకటి లెక్కన ఐదు చెరుకులు పట్టుకొచ్చాడు. రెండు వెనక్కి పట్టుకుపోయాడు, పిసినారి."



"ఆడపిల్ల," అంది న్యాగుతీ.

"ఆడపిల్లే. న్యాగుతీ. నీ మూతే, నీ పొట్టే. వెడల్పుగా దిగింది, మీ అమ్మాయి ప్రాణం తీసింది. పద, పిలవడానికే వచ్చాను. నీ మొగుడు అది పుట్టినప్పట్నుంచీ దాని పక్కనే కాపలా కూర్చున్నాడు, ఎవర్నీ ముట్టుకోనివ్వడం లేదు."

అప్పుడు న్యాగుతీ కూత వేసింది. పళ్ళ సందు వల్ల దానికి ఈల కూడా తోడై, వరండాలో వాళ్ళంతా కుర్చీల్లోంచి లేచారు. మూడూ వేసింది. నాలుగోది వేయబోతే గతీగియా నోరు మూసేసింది: "చాలు తల్లీ! మళ్ళీ ఇంకో ఊరి వాళ్ళు చెరుకులు పట్టుకొస్తారు!"

చేతులు బూడిదతో తోముకుంది, నిమ్మచెక్కతో రుద్దుకుంది, వాసన చూసుకుంది, మళ్ళీ రుద్దుకుంది. "చేప కంపు పోదు వదినా. పసిదాన్ని ఎలా ఎత్తుకోను?"

"పేరు మోసేది కంపు మోయలేదా? నడు."

అనుముల గిన్నె గుడ్డలో మూట కట్టుకుని నెత్తిన పెట్టుకుంది. కిహురియా గుమ్మంలో అడ్డం నిలబడి, "అమ్మా, మరి రాత్రికి భోజనాలు?" అన్నాడు.

"చేపలు పట్టింది వాళ్ళేగా. వేయించుకోవడం కూడా నేర్చుకోమను."

వంతెన దగ్గర ఆగింది. కింద కరురుమో తెల్లగా నురగలు కక్కుతోంది. న్యాకియో ముందు నడిచి మధ్యలో నిలబడి చెయ్యి చాచింది. ఈసారి వెటకారం చేయలేదు. న్యాగుతీ కళ్ళు మూసుకుని తాడు పట్టుకుంది. వంతెన ఊగింది. ఊగనీలే అనుకుంది. ఇద్దరు ముసలమ్మలూ ఒకరి వెనక ఒకరు అవతలి గట్టు ఎక్కి, అరటాకుల చాటుకు వెళ్ళిపోయారు.

బాలింత లేచి తిరిగేదాకా ఉండి వస్తానని గతీగియాకు కబురు పంపింది. ఆ తర్వాత పిల్లకు పళ్ళు వచ్చేదాకా అంది. ఆ తర్వాత కబుర్లు రాలేదు. అల్లుడు పెరట్లో ఆమెకు వేరే గుడిసె వేసిచ్చాడని, పెద్ద న్యాగుతీ పిలిస్తే చిన్న న్యాగుతీ పలకదని, చిన్నదాన్ని పిలిస్తే పెద్దది పరుగెత్తుకొస్తుందని మాత్రం ఊళ్ళో చెప్పుకుని నవ్వుకునేవారు. బంగళాలో కొత్త వంటవాడు చేరాడు.

ఆమె వంతెన దాటిన సాయంత్రం మటుకు కిహురియా తనే వంటింట్లోకి వెళ్ళి, డాక్టరు చేత ఉల్లిపాయలు కోయించి, పొయ్యి ఎగదోశాడు. ఉప్పు డబ్బా కోసం వెతుకుతుంటే కిటికీ గూట్లో న్యాగుతీ తన కోసం పోసి పెట్టుకున్న టీ కనబడింది. రేకు లోటా అంచు దాకా ఉంది, ముట్టుకోనేలేదు, పైన దళసరిగా మీగడ కట్టింది.