వంశీ బండి

బండి గీత దాటిన ప్రతిసారీ యంత్రం ఒక పేరు పిలుస్తుంది. కూర్మన్నపాలెం జంక్షన్ దాటి కాస్త లోపలికి వెళ్తే, ఒక కల్యాణమండపం వెనక ఎకరం ఖాళీ జాగా ఉంది. అక్కడ కుర్రాళ్లు ఎర్రమట్టి గుట్టలు పోసి, మలుపులు తిప్పి ఒక ట్రాక్ కట్టుకున్నారు. ఆదివారం పొద్దున్నే బ్యాటరీతో నడిచే మూరెడు బగ్గీలు తెచ్చి, రిమోట్లు పట్టుకుని, చెక్కల మంచె మీద వరసగా నిలబడి పందెం వేసుకుంటారు. గీత దగ్గర మట్టి కింద ఒక వైరు పాతి ఉంటుంది. ప్రతి బండిలోనూ అగ్గిపెట్టెలో సగం ఉండే చిప్పు ఒకటి. బండి వైరు దాటగానే టెంటులోని లాప్‌టాప్‌కి తెలిసిపోతుంది. దాని పక్కనున్న స్పీకరు ఆ బండి నడిపేవాడి పేరూ, చుట్టుకి పట్టిన సెకన్లూ ఊరంతటికీ వినపడేలా చెబుతుంది.

కామరాజు బండి దాటినప్పుడు మాత్రం ఆ స్పీకరు “నాగవంశీ” అంటుంది. ఎనిమిది నెలలుగా అదే అంటోంది.

నలభై ఏడేళ్ల మనిషికి ఈ బొమ్మకార్ల పిచ్చి ఏమిటని అడిగేవాళ్లు అడగొచ్చు. ఆ మంచె దగ్గర బొమ్మకారు అన్న మాట అనకుండా ఉంటే చాలు. బొమ్మకారుకి గేర్ల మధ్య కాగితం ముక్క దూర్చి సందు కొలవరు, కుదుపులు ఆపే షాకుల్లో ఏ ఆయిల్ పోయాలో అని రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకోరు. కామరాజు ఇవన్నీ చేస్తాడు. అతనికి ఇంకో పని లేదు.

పేరు తప్పడంలో యంత్రం తప్పేమీ లేదు. ఆ బగ్గీ నాగవంశీదే. అచ్యుతాపురం ఫ్యాక్టరీలో పనిచేసే కుర్రాడు, పూణే బదిలీ అయి వెళ్తూ బండీ, ఛార్జరూ, పాత టైర్లూ, బండిని ఏ నేలకి ఎలా సర్దుకోవాలో రాసుకున్న ఒక నోటుపుస్తకం, అన్నీ ఒకే అట్టపెట్టెలో సర్ది కామరాజుకి అమ్మేశాడు. చిప్పు బండిలోనే ఉంది. లాప్‌టాప్‌లో ఆ చిప్పుకెదురుగా ఉన్న పాత పేరు చెరిపి కొత్త పేరు కొట్టడం అర నిమిషం పని. టెంటులో కూర్చునే ధనశ్రీని అడిగితే చాలు, నవ్వుతూ చేసిపెడుతుంది. ఇంజనీరింగ్ చదివే పిల్ల, మంచి పిల్ల.

అడిగేస్తే పోయేది కదా అని మనం అనుకుంటాం. మనకేం, రోజుకి పాతికసార్లు ఎవరో ఒకరు మన పేరు పెట్టి పిలుస్తూనే ఉంటారు.

కామరాజు స్టీల్ ప్లాంటులో క్రేను నడుపుతాడు. నేలకి అరవై అడుగుల ఎత్తున అద్దాల గదిలో ఎనిమిది గంటలు ఒక్కడే కూర్చోవాలి. కిందివాళ్లు వాకీటాకీలో “సెవెన్, కొంచెం దించు,” “సెవెన్, ఎడమకి” అంటుంటారు. సెవెన్ అన్నది క్రేను నంబరు. నిచ్చెన దిగి క్యాంటీన్‌కి వెళ్లినా “సెవెన్‌కి ఒక టీ” అనే అంటారు. గోదావరి జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చిన తండ్రి ఎప్పుడో పోయాడు. కామరాజుకి పెళ్లి కుదిరినట్టే కుదిరి తప్పిపోయింది, ఆ తర్వాత ఎవరూ పట్టించుకోలేదు, అతనూ ఊరుకున్నాడు. తల్లి మంగాయమ్మ ఉన్నన్నాళ్లూ “కామరాజూ, అన్నం చల్లారిపోతోందిరా!” అని క్వార్టర్ల వరసంతా వినపడేలా కేకేసేది. ఆవిడ పోయి రెండేళ్లయింది. ఈ రెండేళ్లలో తన పేరు పైకి పలికినవాళ్లు ఎవరా అని ఒకరోజు క్రేనులో కూర్చుని గుర్తు చేసుకోబోయాడు. గ్యాస్ బండ తెచ్చిన మనిషి ఒక్కడే తేలాడు, అదీ బిల్లులో చూసి చదివాడు.

అందుకే ఆ మైదానంలో, అంతమంది మధ్యన, తన పేరు గట్టిగా వినపడాలని అతనికి ఆశ పుట్టింది. చెబితే నవ్వుతారు. అయినా చెప్పడానికి ఎవరున్నారు గనక.

అసలు మొదటి ఆదివారమే అడగాల్సింది. ఆరోజు బండి మొదటి చుట్టు పూర్తి చేసి గీత దాటగానే స్పీకరు “నాగవంశీ, ముప్పై ఆరు పాయింట్ రెండు” అంది. మంచె మీది కుర్రాళ్లు ఒక్కసారిగా గొల్లుమన్నారు.

“ఒరే, వంశీగాడు వచ్చీసినాడ్రా!” అని అరిచాడు ఉదయ్‌కుమార్. జంక్షన్‌లో సెల్‌ఫోన్ల రిపేరు షాపు అతనిది, ఈ ట్రాక్ కట్టించిందీ అతనే. “పూణే నుంచి ఇరవై నిమిషాల్లో వచ్చీసినాడు, ఏటి స్పీడ్రా బాబూ!”

నాగవంశీ అంటే వాళ్లందరికీ ప్రాణం. ఆ పేరు వినపడితే చాలు, చుట్టు చుట్టుకీ “వంశీ! వంశీ!” అని కేకలు. మొదట సరదాకి మొదలైంది, తర్వాత అలవాటైపోయింది. నిజం చెప్పాలంటే, ఆ కేకలకి కామరాజు గుండె కూడా ఉప్పొంగింది. పేరు ఎవరిదైతేనేం, బండి నడిపింది తనే కదా అనుకున్నాడు. ఆ ముచ్చట మధ్యలో దూరి “అది నా పేరు కాదండి” అనడానికి నోరు రాలేదు. వారం గడిచింది. నెల గడిచాక అడగడం మరీ ఎబ్బెట్టుగా ఉంటుందనిపించింది. ఇన్నాళ్లూ ఏం చేశారు అంటే ఏం చెప్పాలి?

రెండుసార్లు టెంటు దాకా వెళ్లాడు. “అమ్మా, చిన్న పని, ఆ పేరు మార్చాలి” అన్న వాక్యాన్ని వారమంతా క్రేనులో కూర్చుని, కింద ఎర్రగా కాలుతున్న ఇనుము మీదుగా, పైకే అని చూసుకున్నాడు. ఒకసారి ధనశ్రీ ఫోన్లో మాట్లాడుతోంది. రెండోసారి తలెత్తి “ఏటంకుల్, మంచినీళ్లు కావాలా?” అంది. కావాలన్నాడు. తాగి వచ్చేశాడు.

అక్కడ ఒక ఆనవాయితీ ఉంది. ఒక పందెం ముగించినవాళ్లు తర్వాతి పందేనికి ట్రాక్ లోపల మలుపుకొకరు నిలబడి, బోల్తా పడ్డ బళ్లని తిరగేసి నేల మీద పెట్టాలి. కుర్రాళ్లు ఫోను చూసుకుంటూ నిలబడతారు. కామరాజు మాత్రం మోకాళ్లు వంచి, బండి పడకముందే సిద్ధంగా ఉంటాడు. పడగానే తీసి పెడతాడు. మంచె మీంచి ఎవరో ఒకరు “థాంక్సంకుల్!” అని అరుస్తారు. వారానికి అతనితో మనుషులు మాట్లాడే మాటల్లో సగం అవే.

ఆగస్టు చివర్లో ఫైనల్ పడింది. ఆరుగురిలో ఆరోవాడిగా కామరాజు అందులోకి వచ్చాడు, ఎనిమిది నెలల్లో అదే మొదటిసారి. ముందురోజు మధ్యాహ్నం షిఫ్టు దిగి వచ్చి, బండిని వంటింటి గట్టు మీద పెట్టుకుని నోటుపుస్తకం తెరిచాడు. ఇన్నాళ్లూ ఆ పుస్తకంలో ఉన్నదే చేశాడు. పొడినేలకి బ్యాటరీ వెనక్కి, పల్చటి ఆయిల్, మెత్తటి స్ప్రింగులు. నాగవంశీ గుండ్రటి అక్షరాలు అతనికి కంఠతా వచ్చు. కిటికీలోంచి చూస్తే సముద్రం వైపు మబ్బు దట్టంగా పట్టింది. రాత్రికి వాన పడితే పొద్దున్నకి ఆ ఎర్రమట్టి టైర్లని పట్టేసుకుంటుంది. అలాంటి నేల మీద బ్యాటరీ వెనక ఉంటే బండి ముక్కు మలుపు తిరగదు. పుస్తకంలో తడినేల గురించి ఒక్క ముక్క లేదు. వాన పడితే నాగవంశీ ఫైనల్‌కి వచ్చేవాడే కాదట.

కామరాజు పుస్తకం మూసేశాడు. బ్యాటరీ వెనకున్న స్పాంజి ముక్క తీసేసి, బ్యాటరీని ముందుకి జరిపాడు. ఎక్కడి నుంచి ఎక్కడికో ఎవరూ చెప్పలేదు, చేతికి తోచినంత జరిపాడు. షాకులు విప్పి చిక్కటి ఆయిల్ పోశాడు. బుడగలు పైకి వచ్చేదాకా దీపం దగ్గర పెట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. “ఇప్పుడిది నా బండి” అన్నాడు గట్టిగా. ఖాళీ ఇంట్లో తన గొంతు తనకే కొత్తగా వినిపించి, లేచి పొయ్యి మీద బియ్యం పెట్టుకున్నాడు.

వాన పడింది. పొద్దున్న అయిదు నిమిషాల ఫైనల్లో మొదటి మలుపుకే ముగ్గురు ముక్కు తిరగక తాటాకు దడిని గుద్దుకున్నారు. కామరాజు బండి నేలని పట్టుకుని లోపలి అంచున తిరిగింది. రెండో చుట్టుకి మూడోవాడు, ఆరో చుట్టుకి రెండోవాడు. ముందున్నది ఉదయ్‌కుమార్ బండి. చివరిదైన పదో చుట్టులో పెద్ద గుట్ట ఎక్కి గెంతినప్పుడు ఉదయ్ బండి వాలి పడింది, కామరాజుది నాలుగు చక్రాల మీద దిగింది. స్పీకరు “నాగవంశీ, ఫస్ట్” అంది. “వంశీ! వంశీ!” అని మంచె అదిరిపోయింది.

ఉదయ్ ఓడిపోయినందుకు కాస్త కూడా బాధపడలేదు. అప్పటికప్పుడు పూణేకి వీడియో కాల్ కలిపాడు. “బావా! నీ బండి ఫైనల్ కొట్టీసింది! సూడు, సూడు!” అంటూ ఫోను తెచ్చి బురద కొట్టుకున్న బగ్గీకి చూపించాడు. కుర్రాళ్లు చుట్టూ మూగారు. కామరాజు బండి పక్కనే, చేతిలో రిమోటుతో నిలబడ్డాడు.

“తడినేల మీదేటి? ఆ బండి తడినేల మీద తిరగదురా!” అంది ఫోనులో గొంతు. “ఎవల్రా తోలింది?”

“అంకుల్‌రా.”

“ఏ అంకుల్?”

“అదేరా, మన... మన అంకుల్.” ఉదయ్ చుట్టూ చూశాడు. కుర్రాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరికీ తెలియదు. ఉదయ్ ఇబ్బందిగా నవ్వి కామరాజు వైపు తిరిగాడు. “అంకుల్, మీ పేరేటండీ?”

ఎనిమిది నెలలుగా ఎదురుచూసిన ప్రశ్న. కామరాజు నోరు తెరిచేలోపు ఫోనులోంచి జవాబు వచ్చింది.

“కామరాజు గారు కాదేటి? నా దగ్గర బండి కొన్నారు. నమస్తే అండి కామరాజు గారూ! బాగా తోలినారండి!”

“నమస్తే అండి” అన్నాడు కామరాజు.

“సీ, ఇన్నాళ్లూ పేరు కూడా అడగలేదు మేం,” అన్నాడు ఉదయ్, నిజంగానే సిగ్గుపడుతూ. “ధనా, ఆ చిప్పుకి పేరు మార్సీయ్. కామరాజు గారు అని కొట్టు.”

ఆ వారం కామరాజు క్రేనులో కూడా నవ్వు మొహంతో ఉన్నాడు. ఆదివారం గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని మంచె ఎక్కాడు.

బండి మొదటి చుట్టు పూర్తి చేసి గీత దాటింది. “కామరాజు గారు, ముప్పై పాయింట్ ఒకటి” అంది స్పీకరు, స్పష్టంగా, ఊరంతటికీ వినపడేలా. కామరాజు కేకల కోసం చెవి ఒగ్గాడు.

ఎవరూ అరవలేదు. కుర్రాళ్లందరూ ఎవరి బండి వాళ్లు చూసుకుంటున్నారు. రెండో చుట్టు. “కామరాజు గారు, ఇరవై తొమ్మిది పాయింట్ ఆరు.” పక్కవాడు ముక్కు తుడుచుకున్నాడు. నాలుగో చుట్టుకి కామరాజుకి అర్థమైంది. వాళ్లకి తన మీద కోపమూ లేదు, చిన్నచూపూ లేదు. ఎనిమిది నెలలు కేకలేసింది స్నేహితుడి కోసం. కామరాజు అన్న పేరుకి అరవడానికి వాళ్లకి కారణమేమీ లేదు. ఆ పందెంలో యంత్రం అతని పేరు పదిసార్లు పిలిచింది. ఒక్కసారి వినాలనుకున్న మనిషికి అది చివరికి క్రేను నంబరులాగే వినిపించింది. మంచె మీద ఆరుగురి మధ్య నిలబడి, ఇంట్లో కన్నా ఎక్కువ ఒంటరిగా అనిపించింది అతనికి.

పందెం అయ్యాక తన వంతు మలుపు దగ్గర నిలబడి బళ్లు తిరగేశాడు. తర్వాత నేరుగా టెంటులోకి వెళ్లాడు. ఈసారి వాక్యం ముందుగా అనుకోలేదు.

“అమ్మా, ఆ పాత పేరే పెట్టెయ్యమ్మా.”

ధనశ్రీ తలెత్తింది. “అదేటంకుల్? మొన్ననే కదా మార్సినాను. తప్పు పడిందేటి?”

“తప్పేం లేదమ్మా. బాగానే పడింది.” అతను మంచె వైపు చూశాడు. “ఆ పేరుకైతే అరుస్తారు కదా.”

ఆ పిల్ల అతని మొహం వైపు చూసింది. లాప్‌టాప్ వైపు తిరిగి నాలుగు అక్షరాలు చెరిపి, నాలుగు అక్షరాలు కొట్టింది. ‘గారు’ని కూడా చెరిపేసింది.

రెండో పందెం మొదలైంది. బండి దుమ్ము లేపుకుంటూ వచ్చి గీత దాటింది.

“నాగవంశీ, ఇరవై తొమ్మిది పాయింట్ మూడు.”

“ఒరే, మళ్లీ వచ్చీసినాడ్రా వంశీగాడు!” అని గొల్లుమంది మంచె. కేకలు, ఈలలు, ఉదయ్ చెక్కల మీద దబదబా కొడుతున్న చప్పుడు. అందులో ఒక్క కేక కూడా తనది కాదని ఇప్పుడు కామరాజుకి బాగా తెలుసు. తెలిసే, బండి మళ్లీ తొందరగా గీత దాటాలని రిమోటు మీద వేలు గట్టిగా నొక్కాడు.